నాలుగు సెకన్ల చీకటి

"పొడుగు సుందరం దూకగా మీలో ఎవరైనా చూశారా?" అన్నాడు పేర్రాజు, తువ్వాలు భుజం మీంచి తీసి తూర్పు బల్ల మీద చరుస్తూ.

రెండు బల్లల మీదా తలలు అడ్డంగా ఊగాయి.

"చూడలేదు కదా? ఎందుకు చూళ్ళేదు? ఆయనకి దూకే అవసరం రాలేదు కాబట్టి. నించుని చెయ్యి పైకెత్తితే రింగు అందేది. ఇప్పటి కుర్రాళ్లు స్ప్రింగు బూట్లేసుకుని కప్పల్లాగ ఎగురుతున్నారు. అదీ ఓ ఆటేనా?"

"సుందరం వంగగా చూశావా?" పడమటి బల్ల మీంచి మస్తాన్ మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "బంతి మోకాలి కిందకొస్తే ఆయన వంగేలోపు అవతలివాళ్లు బుట్టలో వేసేసి, మంచినీళ్లు తాగి, మళ్లీ వచ్చి నించునేవాళ్లు."

పడమటి బల్ల అంతా పెదాలు బిగబట్టుకుంది. పేర్రాజు కూడా బిగబట్టాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. చివరికి ముక్కులోంచి బుస్సుమని నవ్వు తన్నుకొచ్చింది. మస్తాన్ మాస్టారు మెడలో వేలాడే విజిల్ తీసి ఊదాడు.

"పేర్రాజు ఔట్. రేపు చీపురు నీదే."

పానకాలపేటలో అదే పద్ధతి. చక్కెర మిల్లు సైరన్ మోగగానే బాస్కెట్‌బాల్ కోర్టు పక్కనున్న రెండు సిమెంటు బల్లలూ నిండిపోతాయి. ఒకప్పుడు ఆ ఊరి జట్టు కోస్తా ప్రొఫెషనల్ లీగులో ఆడేది. చెరుకుగడలు అనేవాళ్లు వాళ్లని. జట్టు పోయి చాలాకాలమైంది కానీ మాటలు పోలేదు. ఏ ఏడు జట్టు గొప్పది, ఎవరి చెయ్యి సూటి, ఏ రెఫరీకి చూపు ఆనదు, ఇలా రోజుకో పంచాయితీ. ఎంత అడ్డగోలు మాటైనా అనొచ్చు. కానీ ఒకడు వాదిస్తుంటే విన్నవాడు నవ్వకూడదు. నవ్వితే ఓడినట్టే. ఓడినవాడు మర్నాడు తెల్లవారుజామున కోర్టు ఊడవాలి. ముప్పై ఏళ్లుగా ఆ కోర్టుని జీతానికి ఊడ్చినవాళ్లు లేరు.

కోర్టు మూల నేల మీద కూర్చుని సువార్త ఇదంతా వింటోంది. వింటున్నట్టు ఎవరికీ తెలీదు. ఆ పిల్ల ఎక్కడ కూర్చున్నా అక్కడ లేనట్టే ఉంటుంది. ఇంటర్ రెండో సంవత్సరం. క్లాసులో అటెండెన్సు పలికేటప్పుడు తప్ప ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. చెప్పాలనుకున్నవన్నీ రాత్రి పుస్తకంలో రాసుకుని, పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక పెడుతుంది.

ఆమె పక్కన ఇడ్లీ బండి అంత యంత్రం ఒకటి ఉంది. నాలుగు చక్రాలు, అడుగున రాగి పలక, పైన చిన్న తెర. దాన్ని కనిపెట్టిన కాత్యాయని మేడం పక్క పట్నంలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆవిడ దానికి ఏదో పొడవాటి పేరు పెట్టింది. ఊళ్లోవాళ్లు మాత్రం నేలచెవి అనేశారు. శనాదివారాలు దాన్ని తొయ్యడానికి మేడంకి చేతులు వణకని, కబుర్లు చెప్పని మనిషి కావాల్సి వచ్చింది. అలా సువార్త దొరికింది.

"అయితే రేపటితో మన అసలు పంచాయితీ తేలిపోతుందన్నమాట!" పేర్రాజు యంత్రం వైపు చూసి అన్నాడు. "ఏసూ! ఇంకెక్కడికి తప్పించుకుంటావురా? రేపు నేలే చెప్పేస్తుంది, ఆ బంతి నువ్వే వేశావని."

"నేను వెయ్యలేదని ముప్పై ఏళ్లుగా చెప్తున్నా కదరా. జోగయ్య బావ వేశాడు," అన్నాడు ఏసుపాదం. సువార్త తండ్రి ఆయన. మిల్లు కాటా దగ్గర పని.

"వాడి మాటలు నమ్మకండి. నేను కాదు, వాడే," అన్నాడు అవతలి బల్ల మీంచి జోగయ్య, సైకిల్ షాపు గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

రోజూ ఆడే మాటలే. కానీ ఈరోజు తండ్రి ఆ మాట అంటున్నప్పుడు చేతులు మోకాళ్ల మధ్య బిగించుకోవడం సువార్త చూసింది. జోగయ్య మావయ్య తుడిచిన వేళ్లనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

ముప్పై ఏళ్ల కిందట లీగు ఫైనల్ ఇదే కోర్టులో జరిగింది. ఎదుటి జట్టు రేవూరు. మునిమాపు వేళ, స్తంభాల మీద దీపాలు. రేవూరు ఒక్క పాయింటు ముందుంది. ఎనిమిది సెకన్ల ఆట మిగిలింది. జోగయ్య బంతిని ఏసుపాదానికి విసిరాడు. అది గాల్లో ఉండగానే కరెంటు పోయింది. జనం హోరు ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఇనప గొలుసుల నెట్టు ఘల్లుమంది.

"కరెంటు పోతే ఆట ఆపాలి. అది రూలు," అని మస్తాన్ మాస్టారు ఎన్నివేల సార్లు చెప్పాడో. ఆరోజు గడియారం ఆయన చేతిలోనే ఉంది. "విజిల్ పెదాల దాకా తీసుకెళ్లాను. ఊదేలోపు గొలుసు మోగింది. గడియారం నొక్కి అగ్గిపుల్ల గీసి చూస్తే చీకటై సరిగ్గా నాలుగు సెకన్లు. ఆటకి ఇంకా టైముంది. రెఫరీ ఒప్పుకోక చస్తాడా?"

దీపాలు వచ్చేసరికి కోర్టు నిండా జనం. ఏసుపాదాన్నీ జోగయ్యనీ భుజాలకెత్తుకున్నారు. కప్పు పానకాలపేటకి వచ్చింది. ఆ కప్పు చూసి మిల్లు యాజమాన్యం జట్టులో ఎనిమిది మందికి పర్మినెంటు ఉద్యోగాలిచ్చింది. ఎవరు వేశారన్నది మాత్రం తేలలేదు.

*

మేడం పెద్ద తెర తేవడానికి కాలేజీకి వెళ్లింది. పంచాయితీ చెదిరిపోయింది. "ఆ మూల ఒకసారి పైపైన చూసిపెట్టు సువార్తా. పూర్తిగా చదవకు," అని చెప్పి మరీ వెళ్లింది.

పైపైన చూడటం వేరు, చదవడం వేరు. సువార్తకి మేడం మొదటిరోజే చేసి చూపించింది. తన ఇంటి అరుగు మీద యంత్రాన్ని ఆపి మీట కొద్దిగా తిప్పితే తెర మీద మసకమసగ్గా అడుగులు తేలాయి. పాలవాడి చెప్పులు, ఎప్పటివో పసిపిల్లల పాదాలు. మనిషి కాలు పడ్డ ప్రతిచోటా సిమెంటులోని ఇసుక రేణువులు వెంట్రుకలో వెయ్యోవంతు నలుగుతాయట. ఆ నలుగుడు పోదట. మీట పూర్తిగా తిప్పితే బొమ్మ స్పష్టంగా యంత్రంలోని మెమరీ కార్డులోకి ఎక్కింది. తర్వాత ఎంత తిప్పినా అక్కడ తెర ఖాళీ.

"పలక వేడికి రేణువులు మళ్లీ సర్దుకుంటాయి," అంది మేడం. "ఒక్కసారే చదవనిస్తుంది నేల. రెండోసారి అడిగితే చెప్పదు." ఆ మాట అంటూ పసిపిల్లల అడుగులున్న చోటుని కాసేపు అరచేత్తో రాసింది. ఆ అడుగులెవరివో సువార్త అడగలేదు.

ఇప్పుడు సువార్త యంత్రాన్ని కోర్టు ఉత్తరం మూలకి తోసింది. మీట కొద్దిగా తిప్పింది. ముందు రబ్బరు బూట్ల గుర్తులు పొరలు పొరలుగా వచ్చాయి. కోర్టులో బంతి పడ్డ ప్రతిసారీ నేలంతా ఒక్క వణుకు వణుకుతుంది. పోస్టాఫీసులో ఉత్తరం మీద తేదీ ముద్ర కొట్టినట్టు ఆ వణుకు అప్పటిదాకా పడ్డ అడుగులకి వరస కడుతుంది. సువార్త వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పుకుంటూ పోయింది. హఠాత్తుగా తెరంతా తెల్లబడింది. చెప్పులు, ఒట్టికాళ్లు, ఒకదాని మీద ఒకటి వేలకొద్దీ. జనం కోర్టు మీదకి దూకిన క్షణం.

దాని కింద పొర ఆ నాలుగు సెకన్లు.

ఆమె ఊపిరి బిగబట్టి మీట గోరంత కదిపింది.

బూట్లు రెండు జతలు. ఒకటి బంతి విసిరిన జోగయ్య మావయ్యది, దూరంగా, కదలకుండా ఉంది. రెండోది నాన్నది. పరిగెత్తింది. బంతి నాన్న చేతికి తగిలి పక్కకి పోయినట్టుంది, నేల మీద అది దొర్లిన సన్నటి జాడ కోర్టు గీత దాటి బయటికి వెళ్లింది. నాన్న అడుగులు దాని వెనకే పోయి, ఆగి, రెండు మోకాళ్లు, రెండు అరచేతులు. పడిపోయాడు.

అక్కడ, గీతకి అవతల, బంతి ఆగిన చోట ఇంకో రెండు పాదాలు ఉన్నాయి. బూట్లు లేవు. చిన్న పాదాలు. మడమలు పైకి లేచి, మునివేళ్ల మీద బరువంతా పడింది. బంతి విసిరేవాళ్లు అలాగే నించుంటారు.

ఎడమ పాదానికి నాలుగు వేళ్లే ఉన్నాయి.

సువార్త మళ్లీ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిటికెన వేలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది.

ఆ పాదం ఆమెకి తెలుసు. అమ్మది. ఆదివారం ఆదివారం ఆ పాదానికి గోళ్లు తీసేది తనే. పదేళ్లప్పుడు చెరుకు బండి చక్రం కింద పడి ఆ వేలు పోయిందని అమ్మ చెప్పింది. అమ్మ తండ్రి ఈ కోర్టు ఊడ్చేవాడనీ, ఆయనకి ఆయాసమొస్తే అమ్మ ఊడ్చేదనీ తెలుసు. ఇంతకుమించి అమ్మ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఈ కోర్టు వైపు రానే రాదు. చర్చికి వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళ్తుంది.

సువార్త పుస్తకం తీసింది. తెర మీద కనపడ్డది కనపడ్డట్టు పెన్సిలుతో దించుకుంది. తర్వాత మీట ఆపేసింది.

*

ఇంటికొచ్చేసరికి తల్లి రూతమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మిల్లు ఆఫీసులో బల్లలు తుడిచి, ఫైళ్లు సర్ది అప్పుడే వచ్చింది.

"మొహం అలా ఉందేమే? ఎండలో తిరిగావా?"

"లేదమ్మా."

"అన్నం పెట్టనా?"

"వద్దు."

తండ్రి లోపల అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ తలుపు తీస్తాడు, మళ్లీ వేస్తాడు. "రేపు ఎన్నింటికే మీ మేడం చూపించేది?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అయిదింటికని చెప్పింది.

"ఆ యంత్రం తప్పు చెప్పడం ఉంటుందా?"

"ఉండదు నాన్నా."

ఆయన మళ్లీ లేచాడు.

సువార్తకి కంటి మీదకి కునుకు రాలేదు. రేపు ఊరంతా చూస్తుంది. రేవూరు నుంచి కూడా వస్తున్నారు. ఆటలో లేని మనిషి వేసిన బంతి అది. కప్పు పోతుంది. నాన్న ఉద్యోగం కప్పుని చూసి ఇచ్చిందే. అన్నింటికన్నా, పెద్ద తెర మీద అమ్మ పాదాలు. అందరూ వేళ్లు లెక్కపెడతారు. అందరూ అమ్మ వైపు తిరుగుతారు. ఆ చూపులు తనమీదే పడ్డట్టు సువార్త దుప్పటి తలమీదకి లాక్కుంది.

అమ్మని అడగొచ్చు. రెండుసార్లు లేచి కూర్చుంది. అడగాలంటే నోరు తెరవాలి. నోరు తెరవడం కంటే ఏదైనా సులువే అనిపించింది ఆ పిల్లకి.

తెల్లవారకముందే కోర్టుకి వెళ్లింది. పేర్రాజు ఇంకా చీపురుతో రాలేదు. యంత్రం తాళం తన దగ్గరే ఉంది. బొమ్మ ఎక్కడా మిగలకుండా కార్డు ఊడదీసి జేబులో వేసుకుంది. ఉత్తరం మూల గీతకి అవతల పలక ఆనించి మీట పూర్తిగా తిప్పింది. తెర మీద ఆ రెండు పాదాలు ఒక్కసారి ఎంత స్పష్టంగా వచ్చాయంటే, మడమ మీద పగుళ్లు కూడా కనిపించాయి. తర్వాత మసకబారి, చుక్కలు చుక్కలై, పోయాయి.

చెయ్యి పలక దగ్గర పెట్టి చూసింది. నేల వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచి వెళ్లిన చోటులా.

*

"అమ్మా, నేనో పని చేశాను."

రూతమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సువార్త నించుని గోడకి చెప్పినట్టు చెప్పేసింది. నేల, అడుగులు, నాలుగు వేళ్లు, తెల్లవారుజామున తిప్పిన మీట. చెప్పడం అయ్యాక కూడా గోడనే చూస్తోంది. ఎప్పుడూ ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడలేదు.

పెనం మీద అట్టు మాడుతోంది.

"తుడిపేశావా?" అంది రూతమ్మ.

"ఎవరికీ తెలీదు అమ్మా. ఇంక ఎవరూ కనుక్కోలేరు."

"నన్ను ఒక్కమాట అడగాల్సింది."

ఆ గొంతులో కోపం లేదు. సువార్తకి అది కోపం కంటే ఎక్కువగా తగిలింది.

"నాకు అప్పట్లో పొద్దున్నే ఊడవడం అలవాటు," అంది రూతమ్మ అట్టు తిరగేస్తూ. "నాలుగింటికే వెళ్లిపోయేదాన్ని. అంత పొద్దున ఎందుకంటే, బంతులు పెట్టే గది తాళం మా నాన్న దగ్గరుండేది. గంటసేపు ఆడుకుని, వెలుగు రాకముందే బంతి లోపల పెట్టేసి ఊడ్చేదాన్ని. ఆరేళ్లు. ఒక్కరోజు కూడా దీపం వెయ్యలేదు, ఎవరైనా చూస్తారని. అందుకని నాకు వెలుగులో రాదు, చీకట్లో వచ్చు. ఆరోజు కరెంటు పోయింది. ఊరందరికీ కోర్టు కనపడటం మానేసింది. నాకప్పుడే కనపడింది."

"బంతి నీ కాళ్ల దగ్గరకొచ్చిందా?"

"నీళ్ల కుండల దగ్గర నించున్నా. దొర్లుకుంటూ వచ్చి కాలికి తగిలింది. మీ నాన్న దాని వెనకే వచ్చి పడ్డాడు. ఆయనకి అందిద్దామనే తీశానని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నా. కాదు. బుట్టకే వేశాను."

సువార్త తల తిప్పి చూసింది. అమ్మ మొహంలో ఎప్పుడూ చూడని వెలుగేదో వచ్చి పోయింది.

"మీ నాన్న నా కాళ్ల దగ్గరే పడి ఉన్నాడు కదా, ఆయనకి తెలిసిపోయింది. జోగయ్య అన్నకి ఆయనే చెప్పాడు. తెల్లారి చీపురు పట్టుకుని వెళ్తే ఇద్దరూ కోర్టు ఊడుస్తున్నారు. ఏంటండీ ఇదంటే, వాదించుకున్నాం, ఇద్దరం నవ్వేశాం, ఇద్దరం ఓడిపోయాం అన్నారు. ఆరోజు నుంచి నన్ను చీపురు ముట్టనివ్వలేదు. ఎవరు వేశారు, ఎవరు వేశారు అని ఊరంతా వాళ్లిద్దరి చేతుల వంకే చూస్తుంటే, ఇంకెవరి చేతుల వంకా చూడరు కదా. అందుకని ముప్పై ఏళ్లు అలా వాదించుకున్నారు పాపం."

"మంచిదే కదమ్మా మరి."

"వాళ్లకి మంచిదే. రేవూరు వాళ్లకి?" రూతమ్మ అట్టు పళ్లెంలో వేసింది. "ఆ కప్పు మిల్లు ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంది. రోజూ నేనే తుడుస్తా. తుడిచినప్పుడల్లా అద్దంలో నా మొహం కప్పు మీద పడుతుంది. యంత్రం వస్తోందంటే మీ నాన్న భయపడ్డాడు. నేను భయపడలేదే. నా అంతట నేను చెప్పలేను, నేలే చెప్పేస్తుంది, బరువు దిగుతుంది అనుకున్నా. తప్పు చేశానని తెలుస్తుంది. దాంతోపాటు..."

"దాంతోపాటు వేసింది నువ్వేనని కూడా తెలుస్తుంది," అంది సువార్త మెల్లగా.

రూతమ్మ తల ఊపింది.

సువార్త లోపలికి వెళ్లి బియ్యం డబ్బా వెనకనుంచి పుస్తకం తెచ్చి తల్లి ముందు తెరిచింది. రూతమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, పెన్సిలు గీతల మీద వేలు పెట్టి జరిపింది.

"నాలుగు వేళ్లే వేశావు."

"నాలుగే ఉన్నాయి కదమ్మా."

"మడమలు బాగా లేచాయి," అంది రూతమ్మ. బొమ్మని ఇంకాసేపు చూసి పుస్తకం మూసింది. "తిను. చల్లారిపోతుంది."

*

అయిదింటికి కోర్టు చుట్టూ కాలు పెట్టే సందు లేదు. రేవూరు నుంచి నలుగురు పెద్దాటగాళ్లు జీపులో వచ్చారు. కాలేజీవాళ్లు ముందు వరుసలో కుర్చీలు వేసుకున్నారు. తెల్ల పరదా మీద కోర్టు బొమ్మ పడింది. కాత్యాయని మేడం మీట తిప్పుతుంటే సువార్త బండి తోస్తోంది. జనం పొర వచ్చింది. జనం కేకలు వేశారు. దాని కింద పొర వచ్చింది. జోగయ్య బూట్లు. ఏసుపాదం బూట్లు. పరుగు. మోకాళ్లు.

తర్వాత ఖాళీ. గీతకి అవతల పరదా మీద ఒక నల్లటి మచ్చ, చాపంత.

మేడం మీట ఇంకా తిప్పింది. ఇంకా. యంత్రం పక్కన అది నడిచిన వేళలు చూపే చిన్న అంకెల వరుస చూసింది. సువార్త వైపు వంగింది.

"పొద్దున అయిదూ పదికి ఇది నడిచింది. నువ్వేనా?"

సువార్త తల ఊపింది.

మేడం మొహం పాలిపోయింది. కాలేజీవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటున్నారు. మూడేళ్ల పని అది. "ఎందుకో ఇప్పుడు చెప్పకు," అంది ఆవిడ చివరికి. "కానీ తాళం ఇచ్చెయ్యి."

సువార్త తాళం ఇచ్చింది. మేడం దాన్ని గుప్పిట్లో బిగించి జనం వైపు తిరిగింది. "ఆ మూల గుర్తులు చెరిగిపోయాయి. మా పొరపాటే. ఎవరు వేశారో నేల ఇక చెప్పలేదు."

తర్వాత రెండు బల్లలూ ఒక్కసారే పేలాయి.

"చూశారా, ఏసు పడిపోయాడు! పడ్డవాడు వేస్తాడా? జోగయ్యే!"

"జోగయ్య బూట్లు కదల్లేదు కదరా గుడ్డోడా! అక్కడ నుంచి వేశాడంటే వాడి చెయ్యి ఏమన్నా చెరుకు క్రేనా?"

"మోకాళ్ల మీద వేశాడు ఏసు! ప్రార్థన చేసి మరీ వేశాడు!"

రేవూరు పెద్దాయన ఒకాయన లేచాడు. "అందుకే అప్పుడే చెప్పాం. గాలికి పడింది ఆ బంతి."

"మీ ఊరి గాలా, మా ఊరి గాలా?" అన్నాడు పేర్రాజు.

ఏసుపాదం లేచాడు. మొహాన చెమట. "అరే ఆగండి. నేను కాదని చెప్తున్నా కదా, జోగయ్య..."

"నేను వేశాను."

గొంతు గట్టిదేం కాదు. కానీ కోర్టు లోపలనుంచి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, చెప్పులు గీత దగ్గర విడిచి, రూతమ్మ ఉత్తరం మూలలో నించుని ఉంది. మిల్లు ఆఫీసుకి కట్టుకెళ్లే నీలం చీర.

మస్తాన్ మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఏంటమ్మా రూతూ?"

"ఆ బంతి నేను వేశానండీ మాస్టారూ. ఆయనా కాదు, జోగయ్య అన్నా కాదు. కరెంటు పోయాక నా కాళ్ల దగ్గరకొస్తే తీసి వేశాను. ఆ కప్పు రేవూరు వాళ్లది."

సువార్తకి తన కాళ్లకింద నేల వణికినట్టు అనిపించింది.

ముందు పేర్రాజు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి, భళ్లున నవ్వాడు. "అమ్మో! ఇంతకాలం ఈ మాట ఎవరికీ తట్టలేదు చూడండి! మన రూతమ్మ వేసిందిట!" తూర్పు బల్ల నవ్వింది. పడమటి బల్ల నవ్వింది. జీపులో వచ్చినవాళ్లు తొడలు చరుచుకున్నారు. కుర్చీల్లోవాళ్లు కూడా నవ్వారు. పకపకా, ఇకిలింపులు, దగ్గులు. కోర్టు నాలుగు మూలలా నవ్వు దొర్లింది.

రూతమ్మ నవ్వలేదు. తలవంచలేదు కూడా. అందరూ నవ్వేదాకా అలాగే నించుంది.

సువార్త ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. నాన్న నవ్వడం లేదు. జోగయ్య మావయ్య నవ్వడం లేదు. మేడం నవ్వడం లేదు. ఆవిడ రూతమ్మ పాదాల వంకా, పరదా మీద నల్లమచ్చ వంకా మార్చి మార్చి చూస్తోంది.

చెప్పాలి. సువార్త రెండడుగులు వేసి మస్తాన్ మాస్టారి ముందు నించుంది. "మాస్టారూ."

"ఏంటమ్మా?"

"అందరూ నవ్వారండీ." గొంతు కీచుమంది. అయినా ఆపలేదు. "మా అమ్మ వాదిస్తుంటే అందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు."

మస్తాన్ మాస్టారు పళ్లు కనపడేలా నవ్వుతున్నవాడల్లా ఆగాడు. ముప్పై ఏళ్లుగా ఏ రూలూ తప్పని మనిషి. రూతమ్మ వైపు చూశాడు. ఏసుపాదం వైపు చూశాడు, జోగయ్య వైపు చూశాడు. ఆ ఇద్దరి మొహాల్లో ఏం కనపడిందో ఆయన నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. విజిల్ పెదాల దాకా తీసుకెళ్లి, ఆ చెయ్యి అక్కడే ఒక క్షణం ఆగింది.

తర్వాత ఊదాడు.

"ఊరంతా ఔట్," అన్నాడు. "నాతో సహా. గెలిచింది రూతమ్మ."

*

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి కోర్టులో ఇరవై ముగ్గురు మగవాళ్లు. చీపుళ్లు చాలక కొబ్బరి మట్టలు తెచ్చుకున్నారు. స్తంభం మీద దీపం వెలుగుతోంది. దుమ్ము లేచి దీపం చుట్టూ తిరుగుతోంది.

"నీ మట్ట నా కాళ్ల మీద పడుతోందిరా."

"నువ్వు ఊడ్చినచోటే మళ్లీ ఊడుస్తున్నావు పేర్రాజూ, ముందుకి నడు."

"నవ్వినందుకు ఈ శిక్షేంటండీ బాబూ! రేవూరోళ్లు మాత్రం హాయిగా జీపెక్కి పోయారు."

"పోలేదు," అన్నాడు మస్తాన్ మాస్టారు చీపురు ఆపకుండా. "వాళ్ల పెద్దాయన సావిట్లోనే పడుకున్నాడు. రూతమ్మతో మాట్లాడాలిట."

సువార్త బల్ల మీద కూర్చుని మోకాలు కదుపుతోంది. పక్కన అమ్మ చెప్పులు. అమ్మ ఉత్తరం మూలలో, గీతకి అవతల ఉంది. జోగయ్య మావయ్య సైకిల్ షాపులోంచి తెచ్చిన పాత బంతి ఆమె చేతుల్లో ఉంది.

వేసింది. బోర్డుకి తగిలి పక్కకి పోయింది. ఊడ్చేవాళ్లు ఎవరూ నవ్వలేదు. బిగబట్టుకున్నారు.

మళ్లీ వేసింది. రింగు అంచు తాకి బయటే పడింది. పేర్రాజు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

రూతమ్మ దీపం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏవండీ," అంది. "ఆ లైటు ఆపండి."

ఏసుపాదం చీపురు పడేసి స్తంభం దగ్గరకి పరిగెత్తాడు. మీట నొక్కాడు. బల్లలు, బోర్డు, మనుషులు అన్నీ పోయాయి. చీపుళ్ల చప్పుడు ఆగింది. ఎక్కడో ఒట్టి పాదాలు నేల మీద సర్దుకున్న చిన్న శబ్దం.

గొలుసు ఘల్లుమంది.

చీకట్లోంచి పేర్రాజు గొంతు, బొంగురుగా, "ఎవరేశారది?" అంది.

"నేను కాదు," అన్నాడు ఏసుపాదం.

"నేనూ కాదు," అన్నాడు జోగయ్య.